బజ్జీలు అందించడం మానేసి బల్ల దగ్గర కూర్చోవాలంటే

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. నాకు ముప్పై ఏళ్లు, ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. మా ఆయన స్నేహితులు నలుగురైదుగురు నెలకి రెండు శనివారాలు మా ఇంట్లోనే చేరి పోకర్ ఆడతారు. నాకు చిన్నప్పుడే మా తాతయ్య రమ్మీ నేర్పారు, సంక్రాంతికి మూడు ముక్కలాట కూడా బాగానే ఆడతాను. పోకర్ మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పోయిన నెల ధైర్యం చేసి కూర్చున్నాను. నా దగ్గర వరస వచ్చింది, అవతలాయన దగ్గర అన్నీ ఒకే గుర్తు ముక్కలు. నేనే గెలిచాననుకుని చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ దగ్గరికి లాక్కున్నాను. అందరూ ఒకటే నవ్వు. అప్పట్నుంచి మళ్లీ వంటింట్లోంచి బజ్జీలు తెచ్చి ఇవ్వడమే నా పని. మొదట్నుంచి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఫోన్లో యాప్ వేసుకోమంటారా? డబ్బులు పెట్టాలా? మా అత్తగారేమో ఇంట్లో ఈ పేకాట ఏంటని గొణుగుతున్నారు. ఇంకోటి, మా ఇంట్లో ముక్కలు ఊరికే అతుక్కుపోతున్నాయి, దానికేం చేయాలి?

జవాబు: ముందు ఆ నవ్వినవాళ్ల సంగతి చూద్దాం. మీరు చేసింది తెలివితక్కువ పనేం కాదండీ, మూడు ముక్కలాట వచ్చిన ప్రతివాళ్లూ పోకర్ బల్ల దగ్గర చేసే మొదటి తప్పే అది, నేనూ చేశాను. మన మూడు ముక్కలాటలో రన్, అంటే వరస, పెద్దది; కలర్, అంటే అన్నీ ఒకే గుర్తు ముక్కలు, చిన్నది. పోకర్‌లో అది తిరగేసి ఉంటుంది. ఎందుకో ఒకసారి తెలిస్తే ఇక జన్మలో మర్చిపోరు. పేకలో ఉన్న 52 ముక్కల్లోంచి మూడేసి తీస్తే 22,100 రకాలుగా రావచ్చు, వాటిలో కలర్లు 1,096, రన్‌లు 720. తక్కువగా పడేదానికే విలువ ఎక్కువ కాబట్టి అక్కడ రన్ గెలుస్తుంది. అదే ఐదేసి ముక్కలు తీస్తే మొత్తం 25,98,960 రకాలు, అందులో వరసలు 10,200 ఉంటే ఒకే గుర్తువి 5,108 మాత్రమే. రెండు ముక్కలు పెరిగేసరికి లెక్క తలకిందులైపోయింది, అంతే. మీ తాతయ్య నేర్పింది తప్పు కాదు. పోకర్‌లో వరసని స్ట్రెయిట్ అంటారు, కలర్‌ని ఫ్లష్ అంటారు. వచ్చే శనివారం ఆ నవ్వినవాళ్లనే అడగండి, ఫ్లష్ స్ట్రెయిట్ కంటే ఎందుకు పెద్దదని, ఎంతమంది నీళ్లు నములుతారో చూడండి. (మాటలో మాట, మూడు ముక్కలాటలో మూడూ ఒకటే అంకె పడటానికి 52 దారులుంటే ఒకే గుర్తు రన్‌కి 48 మాత్రమే, లెక్క ప్రకారం ఆ రన్నే పెద్దది కావాలి. అయినా మూడు ఆసులు పట్టుకున్నవాడిని కాదనడానికి ఎవరికీ మనసొప్పలేదేమో, మనం దాన్నే పైన కూర్చోబెట్టాం.)

ఏది దేని మీద గెలుస్తుందన్న మిగతా క్రమం తేలికే. అన్నిటికంటే కింద ఏమీ కుదరని చెయ్యి (ఐదు ముక్కల్నీ కలిపి చెయ్యి అంటారు), అక్కడ పెద్ద ముక్క ఎవరిదైతే వాళ్లు గెలుస్తారు. దాని మీద ఒక జత, దాని మీద రెండు జతలు, ఆపైన మూడు ఒకటే అంకెవి, అంటే మన ట్రిప్లెట్. తర్వాత స్ట్రెయిట్, దాని మీద ఫ్లష్. ఫ్లష్ మీద ఫుల్ హౌస్, మూడు తొమ్మిదులూ రెండు రాణులూ అలాగన్నమాట. దాని మీద నాలుగూ ఒకటే అంకె. అన్నిటి మీదా ఒకే గుర్తులో వరస, అది పది నుంచి ఆసు దాకా ఉంటే రాయల్ ఫ్లష్ అని ప్రత్యేకంగా పేరు పెట్టారు. ఆ పాతిక లక్షల పైచిలుకు చేతుల్లో అవి నాలుగంటే నాలుగు. నేనైతే ఇంతవరకు కళ్లతో చూడలేదు.

అలవాటు వల్ల మీకు అడ్డొచ్చేవి ఇంకో మూడు నాలుగున్నాయి. పోకర్‌లో జోకర్ లేదు. గుర్తుల్లో పెద్దా చిన్నా లేదు, ఇస్పేటు ఆసు అయినా కళావరు ఆసు అయినా ఒకటే, ఇద్దరివీ అచ్చంగా సమానమైతే పాట్, అంటే బల్ల మధ్యలో పోగైన పందెం, చెరిసగం. ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు వరసే కానీ అది అన్నిట్లోకీ చిన్న వరస. మన వాళ్లలో చాలామంది ఆసు-రెండు-మూడుని రెండో పెద్ద రన్ కింద లెక్కేస్తారు కదా, ఆ ఊపులో ఉండకండి. రాజు, ఆసు, రెండు అని చుట్టి తిప్పడం కుదరదు. ఇక బ్లైండ్ అన్న మాట. మనకి బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. అక్కడ బ్లైండ్ అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం, మూడు ముక్కలాటలో ముందుగా అందరూ వేసే బూటు లాంటిది, కాకపోతే ఇక్కడ అందరూ పెట్టరు.

ఇప్పుడు ఆట. వాళ్లు ఆడేది దాదాపు ఖాయంగా టెక్సస్ హోల్డెమ్ అయ్యుంటుంది. మీ చేతికి రెండు ముక్కలే వస్తే అదే. నాలుగొస్తే అది ఒమాహా, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. పంచేవాడి ముందు బటన్ అని ఒక బిళ్ల ఉంటుంది. అతని ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు చిన్న బ్లైండ్, ఆ పక్కవాళ్లు దానికి రెట్టింపు పెద్ద బ్లైండ్ పెడతారు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు, ఎవరివి వాళ్లే చూసుకోవాలి. పెద్ద బ్లైండ్ తర్వాత మనిషి నుంచి వరసగా, పందేనికి సరిపడా పెట్టి ఉండొచ్చు, పెంచొచ్చు, ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. కాల్, రెయిజ్, ఫోల్డ్ అంటే ఇవే. అందరూ సరిపెట్టాక బల్ల మధ్యలో మూడు ముక్కలు తెరుస్తారు, అది ఫ్లాప్. మళ్లీ పందేలు. ఇక్కడ ఎవరూ ఏమీ పెట్టకపోతే చెక్ అని ఊరుకోవచ్చు. తర్వాత నాలుగో ముక్క, టర్న్. మళ్లీ పందేలు. ఐదోది రివర్. ఆఖరి పందేలయ్యాక మిగిలినవాళ్లు ముక్కలు చూపిస్తారు. బల్ల మీది ఐదూ అందరివీ, వాటితో మీ రెండూ కలిపి ఏడు, ఆ ఏడింట్లో మంచి ఐదే మీ చెయ్యి. ఆరోదీ ఏడోదీ లెక్కలోకి రావు. అందుకే ఒక్కోసారి బల్ల మీది ఐదే అందరికంటే బాగుంటే చేతిలో ముక్కలతో పనే ఉండదు, పాట్ పంచేసుకోవాల్సిందే.

ఒకటే జత ఇద్దరికీ వస్తే పక్క ముక్క చూస్తారు, దాన్ని కిక్కర్ అంటారు. మీ దగ్గర ఆసు-ఆరు, అవతలి ఆయన దగ్గర ఆసు-రాజు ఉండి బల్ల మీద ఆసు పడిందనుకోండి, ఇద్దరికీ ఆసుల జతే, కానీ చాలావరకు ఆయన రాజు మీ ఆరుని తినేస్తుంది. "ఆసు ఉంది కదా" అని ఏ పక్క ముక్కతోనైనా ఆడేసి కొత్తవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే.

చదివితే గందరగోళంగా ఉంటుంది గానీ నేను నేర్చుకున్నది కొవ్వొత్తి వెలుగులో, ఒక్క సాయంత్రంలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టింది గుర్తుందా, మీరప్పటికి కాలేజీలో ఉండుంటారు. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు కాబట్టి పైకి నీళ్లు లేవు, ఫోన్లు మూగబోయాయి. మా బావ షిప్పుల్లో ఇంజినీరు, సెలవు మీద వచ్చి మా ఇంట్లో ఇరుక్కుపోయాడు. నేనూ అక్కా తమ్ముడూ ఎప్పట్లాగే రమ్మీకి కూర్చుంటే ఇది షిప్పులో ఆడతాం అని మొదలుపెట్టాడు. చిప్స్ లేవు, అక్క చింతపండు వలిచి ఎండబెట్టిన పిక్కలుంటే తలా వంద పంచాం. డబ్బు ఊసు ఎవరూ ఎత్తలేదు, ఏటీఎంలే పనిచేయని రోజులవి. పిక్కలు అయిపోయినవాళ్లు కిందికి దిగి వీధి చివర ట్యాంకరు దగ్గర్నుంచి రెండు బకెట్ల నీళ్లు రెండో అంతస్తుకి మోసుకురావాలి, అదే పందెం.

రెండో రోజు రాత్రి జరిగిన ఒక ఆట చెప్తాను, పోకర్ గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆ ఒక్క ఆటలోంచే వచ్చింది. బావ పంచాడు. నేను ఎడమ పక్క, చిన్న బ్లైండ్ ఒక పిక్క. తమ్ముడు పెద్ద బ్లైండ్ రెండు. అక్క రెండు పెట్టింది, బావ ఆరుకి పెంచాడు. నాకు ఆఠీను రాజు, ఆఠీను పది. ఇంకో ఐదు కలిపి ఉన్నాను. తమ్ముడు రెండూ వదులుకుని ముక్కలు పడేశాడు, అక్క సరిపెట్టింది. మధ్యలో ఇరవై పిక్కలు. ఫ్లాప్‌లో ఆఠీను ఏడు, ఆఠీను రెండు, కళావరు రాణి. ఇంకొక్క ఆఠీను పడితే నాకు ఫ్లష్. నేను చెక్ అన్నాను, అక్కా అంతే, బావ ఐదు పెట్టాడు. ఇప్పుడు పాట్‌లో ఇరవై ఐదు. నేను ఐదు పెడితే గెలిచేది పాతిక, అంటే ఆరుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. నాకు కనపడని ముక్కలు 47, అందులో ఆఠీన్లు తొమ్మిది, దాదాపు ఐదింట ఒకసారి పడుతుంది. కాబట్టి ఉండటం సరైనదే. (ఈ లెక్కలు నాకు అప్పుడు తెలియవు లెండి, ఆశ మీద ఉన్నాను.) అక్క తప్పుకుంది.

నాలుగో ముక్క డైమను నాలుగు. దేనికీ పనికిరాదు. మధ్యలో ముప్పై. నేను చెక్ అంటే బావ ఏకంగా ముప్పై పెట్టాడు. ఇప్పుడు నేను ముప్పై పెడితే గెలిచేది అరవై, అంటే మూడింట ఒకసారైనా గెలవాలి. నా అవకాశం మారలేదు, ఐదింట ఒకసారే. వదిలేయాలి. కానీ "ఇంతదాకా పెట్టాక ఇప్పుడెలా వదులుతాం" అనుకుని, కిందున్న బకెట్లు తలుచుకుని, కళ్లు మూసుకుని పెట్టేశాను. రివర్‌లో ఆఠీను ఐదు పడింది! ఇల్లంతా కేకలు. బావ రెండు ఆసులు చూపించి, నవ్వుతూ, "గెలిచావు గానీ తప్పు ఆడావు మరదలా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, ఓడిపోయి ఉక్రోషంతో అంటున్నాడనుకున్నాను. అప్పుడు చింతపిక్కలు తీసి నేల మీద పేర్చి చూపించాడు. ఇదే పరిస్థితి పదిసార్లు వస్తే రెండుసార్లు గెలుస్తావు, అరవై చొప్పున నూట ఇరవై. ఎనిమిదిసార్లు ఓడతావు, ముప్పై చొప్పున రెండొందల నలభై. పదిసార్లకి నూట ఇరవై పిక్కలు పోతాయి, అంటే నీకున్నవన్నీ పోయి ఇంకా అప్పు. మర్నాడు నేను అలాగే ఆడి మూడుసార్లు ట్యాంకరు దగ్గరికి వెళ్లాను, మోకాళ్లకి అర్థమయ్యాక బుర్రకి కూడా అర్థమైంది.

ఈ లెక్కకి బల్ల దగ్గర పెన్నూ పేపరూ అక్కర్లేదు. మీకు పనికొచ్చే ముక్కలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రెండుతో హెచ్చవేయండి, తర్వాతి ముక్కకే పడే అవకాశం నూటికి సుమారుగా అంత. తొమ్మిదైతే పద్దెనిమిది, అసలు లెక్క పందొమ్మిది దాకా ఉంటుంది, సరిపోతుంది. ఫ్లాప్ తర్వాత ఇక పందేలు లేకుండా రెండు ముక్కలూ చూడగలిగితే నాలుగుతో హెచ్చవేయండి. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది ఉండి ఇటు నాలుగో అటు తొమ్మిదో కావాలంటే ఎనిమిది ముక్కలు. మధ్యలో ఒక్కటే కావాలంటే నాలుగే ముక్కలు, దానికోసం కొత్తవాళ్లు డబ్బు తగలేస్తూనే ఉంటారు. మీరు రమ్మీలో చేసే పనే ఇది. ఆఠీను ఆరు, ఏడు చేతిలో పెట్టుకుని ఐదుకీ ఎనిమిదికీ చూస్తారు, ఎవరైనా ఎనిమిది పడేస్తే ఇంకెన్ని మిగిలాయో మనసులో లెక్కేసుకుంటారు. ఇక్కడ పాట్ ఎంతుందో కూడా పక్కన పెట్టుకుని చూడాలి, తేడా అంతే.

రమ్మీ వల్ల మీకు ఇంకో పెద్ద లాభం ఉంది, అది మీకే తెలియదు. మీకు ఫస్ట్ డ్రాప్ వచ్చు. పదమూడు ముక్కలు తిప్పి చూసి, నేచురల్ (జోకర్ కలవని వరస) లేదు, జోకర్ లేదు, ఇరవై ఇచ్చి తప్పుకుంటే పోయేది ఇరవయ్యే, ఉంటే నలభయ్యో ఎనభయ్యో అని మీ తాతయ్య చెప్పే ఉంటారు. స్కూట్ అని కూడా అంటారు మన వైపు. పోకర్ మొత్తం ఆ డ్రాప్ మీదే నడుస్తుంది. కొత్తగా పోకర్‌కి వచ్చినవాళ్లకి అన్నిటికంటే కష్టమైనది ముక్కలు పడేయడం, ఎందుకంటే కూర్చున్నది ఆడటానికి కదా, ఊరికే చూస్తూ కూర్చోవాలంటే బోరు కొడుతుంది. తొమ్మిదిమంది ఉన్న బల్ల మీద జాగ్రత్తగా ఆడేవాళ్లు వంద చేతుల్లో పదిహేనో ఇరవయ్యో ఆడతారు, మిగతావన్నీ ఫ్లాప్ చూడకుండానే పడేస్తారు. మీ ఇంట్లో ఐదారుగురే అంటున్నారు కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఆడొచ్చు. మొదటి నెల మాత్రం పది పైన జతలు, ఆసుతో రాజో రాణో జాకీయో, రాజు-రాణి, ఇలాంటివే ఆడండి. ఒకే గుర్తులో పక్కపక్క ముక్కలు, జాకీ-పది లాంటివి, తక్కువ ఖర్చుతో వస్తే చూడొచ్చు. రెండు ఐదులు, రెండు ఆరుల్లాంటి చిన్న జతకి ఫ్లాప్‌లో మూడోది పడేది ఎనిమిది తొమ్మిదిసార్లకి ఒకసారి. పడకపోతే మారు మాట్లాడకుండా వదిలేయండి. చేతికి రెండు ఆసులు ఎన్నిసార్లకి వస్తాయంటారేమో, 221 చేతులకి ఒకసారి, సగటున. వచ్చినప్పుడు కూడా అందర్నీ ఉండనివ్వకండి, పెంచండి. ఒక్కరి మీద రెండు ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి. అదే ఎనిమిదిమందీ ఉండిపోతే 35 సార్లకి పడిపోతుంది.

కూర్చునే చోటు సంగతి కూడా ఒక మాట. రమ్మీలో మన ముందు కూర్చున్నవాళ్లు ఏం పడేస్తారో దాన్నిబట్టి మన అదృష్టం, అవునా? ఇక్కడ చివర్లో ఆడేవాళ్లది పైచెయ్యి. బటన్ మీ ముందుంటే ఫ్లాప్ తర్వాత అందరూ ఏం చేశారో చూశాకే మీ వంతు వస్తుంది, కాబట్టి అక్కడ కాస్త తక్కువ ముక్కలతోనైనా ఆడొచ్చు. మొదట మాట్లాడాల్సిన చోట ఉంటే మంచివే ఆడాలి. నేను దీన్ని రెండేళ్లు పట్టించుకోలేదు, పిచ్చిదాన్ని.

బ్లఫ్ గురించి మీరు అడగలేదు గానీ వాళ్లు చూపించేది అదే అయ్యుంటుంది, సినిమాల్లోలా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. మీకిప్పుడే అక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ముక్కలు పడేయడం చేతకాని మనిషి మీద బ్లఫ్ పనిచేయదు. మా తమ్ముడు ఏ చెయ్యి వచ్చినా రివర్ దాకా చూడందే నిద్రపోడు, వాడి దగ్గర నిజంగా మంచి ముక్కలున్నప్పుడే పెంచాలి. మీరు మాత్రం నెల రోజులు మంచి ముక్కలే ఆడితే, ఒకరోజు ఏమీ లేకుండా పెద్ద పందెం పెట్టినా అందరూ భయపడి పడేస్తారు, ఆవిడ ఊరికే పెట్టదురా అని. ఆ సరదా తర్వాత.

బల్ల దగ్గర పద్ధతులు కొన్ని ఉన్నాయి, ఇవి తెలిస్తే కొత్త అని ఎవరూ కనిపెట్టలేరు. మీ వంతు రాకుండా మాట్లాడకండి, ముక్కలు పడేయకండి, వెనకాల ఆడేవాళ్లకి అన్యాయం. పెంచేటప్పుడు ఎంతో ముందు నోటితో చెప్పి ఒకేసారి పెట్టండి. "నీ ఇరవైకి ఇరవై... ఇంకో యాభై" అని ఎదుటివాడి ముఖం చూస్తూ రెండు విడతలుగా పెట్టడం సినిమాల్లో బాగుంటుంది, బల్ల మీద ఒప్పుకోరు. పడేసిన ముక్కలు ఏంటో ఆట అయ్యేదాకా చెప్పకూడదు. ఫ్లాప్‌కీ టర్న్‌కీ రివర్‌కీ ముందు పైన ఒక ముక్క మూసే పక్కన పెడతారు, పై ముక్కని ఎవరైనా గుర్తుపట్టి ఉంటారేమోనని ఆ జాగ్రత్త. మీ ముందున్న చిప్స్ మొత్తం పెట్టేస్తే అది ఆల్-ఇన్. మీ దగ్గర నలభయ్యే ఉంటే ఒక్కొక్కరి దగ్గర్నుంచి నలభై వరకే గెలుచుకోగలరు, ఆపైన మిగతావాళ్లు పెట్టుకునేది వేరే పాట్. జేబులోంచి తీసి కలపడం మధ్యలో కుదరదు, ఇంట్లో గొడవలు సగం దీని మీదే వస్తాయి.

సాధన ఎలా అంటే, వారం రోజులు రోజుకో ఇరవై నిమిషాలు మీరొక్కరే కూర్చోండి. నాలుగు చేతులు తెరిచి పంచండి, బల్ల మీద ఐదు తెరవండి, ఎవరిది గెలిచిందో, ఏ ఐదు ముక్కలతో గెలిచిందో పైకి చెప్పండి. మొదట తడబడతారు, ముఖ్యంగా బల్ల మీద జత పడినప్పుడు ఫుల్ హౌస్ కనపడదు. వంద ఆటలు అలా చూశాక మీ కంటికి అది దానంతటదే అందుతుంది. రెండో వారం ఫ్లాప్ దగ్గర ఆగి, వెనకబడ్డ చేతికి పనికొచ్చే ముక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత వాళ్లతో కూర్చోండి.

యాప్ మాట. డబ్బు పెట్టి ఆడేది ఏదీ వద్దు, ఇది నా చాదస్తం కాదు, చట్టం. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలని అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, అది తెలివితో ఆడేదా అదృష్టంతో ఆడేదా అన్న తేడా కూడా చూడకుండా. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఇప్పటికీ ఎవరో ఒకరు లింకు పంపిస్తూనే ఉంటారు, ముట్టుకోకండి. ఉచితంగా ఆడే యాప్‌లలో నేర్చుకునేది తక్కువ, పోయేదేమీ లేదు కాబట్టి అక్కడ అందరూ ప్రతి చేతికీ ఆల్-ఇన్ అంటారు.

ఇంట్లో కూడా డబ్బు వద్దనే నా మాట. మీ అత్తగారిది ఉత్త గొణుగుడు కాదమ్మా. మాకు చుట్టం ఒకాయన గాజువాకలో ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం పేకాటలో పోగొట్టాడు, ఆ ఇంట్లో ఆడవాళ్లు ముక్కలు చూస్తేనే లేచి వెళ్లిపోతారు. అత్తగారి వయసు వాళ్లకి ఇలాంటి ఇల్లు ఒకటి తప్పకుండా తెలిసి ఉంటుంది. 1967లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదు, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలి అంది. దాన్ని పట్టుకుని ఆవిడతో వాదనకి దిగకండి. ఆ మాట రమ్మీ గురించి, పోకర్ గురించి కాదు. పైగా ఆట నడిపేవాళ్లు దాని మీద లాభం తీసుకుంటే సంగతి వేరని కూడా ఆ తీర్పులోనే ఉంది. అంతకంటే ఒక శనివారం ఆవిడ్నే పక్కన కూర్చోబెట్టుకోండి. నాకెందుకో ఆవిడకి మూడు ముక్కలాట వచ్చేమోననిపిస్తోంది.

కానీ ఏమీ పోయేది లేకపోతే ఎవరూ ముక్కలు పడేయరు, ఆటే ఉండదు. మాకు నీళ్ల బకెట్లున్నట్టు మీకూ ఏదో ఒకటి ఉండాలి. మీ ఇంట్లో అది ఎదురుగానే ఉంది కదా. చిప్స్ తలా వంద, మొదట ఖాళీ అయినవాళ్లు లేచి వంటింట్లోకెళ్లి శనగపిండి కలిపి బజ్జీలు వేయాలి. రెండోసారి ఖాళీ అయితే మూకుడు కూడా తోమాలి. మీ ఆయన ఒప్పుకోకపోతే ఆ రోజు బజ్జీలు లేవనండి, రుషికొండ నుంచి కంచరపాలెం దాకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన స్నేహితులే ఆయన్ని ఒప్పిస్తారు.

ముక్కలు అతుక్కోవడం మీ ఒక్కరి బాధే కాదు, మన ఊరి సముద్రపు గాలికి అట్ట ముక్కలు నాలుగు వారాల్లో ఉబ్బి బొంత కాకర్లా తయారవుతాయి, పౌడరు చల్లినా లాభం లేదు. పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసినవి దొరుకుతాయి, కాస్త ఖరీదైనా అవే కొనండి, తడిగుడ్డతో తుడిస్తే ఏళ్ల తరబడి వస్తాయి. బజ్జీ తిన్న చేత్తో మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. మా ఇంట్లో ఇస్పేటు రాణి వెనక నూనె మరక పడి, అది ఎవరి దగ్గరుందో అక్క నెల రోజులు అందరికంటే ముందే చెప్పేది, మేమేమో ఆవిడకి ముఖాలు చదవడం వచ్చనుకున్నాం.